మదర్ గారి కేకు

సవరమ్మ అబద్ధాలకోరు కాదు. ఈ ముక్క ముందే చెప్పెయ్యాలి, లేకపోతే సగం కథ వినేసరికి మీరే ఆవిడ మీద ఏదో ఒక ముద్ర కొట్టేస్తారు. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ ఆడింది ఒక్కటంటే ఒక్కటే అబద్ధం. కాకపోతే దాన్నే ఇరవై ఏళ్ళపాటు ఆడింది.

సంగతేమిటంటే, నూజివీడు కాన్వెంటులో ఆవిడ ఇరవై రెండేళ్ళు వంటింటి పని చేసింది. ఆ రోజుల్లో అక్కడ సిస్టర్లందరికీ పెద్దగా ఇటలీ నుంచి వచ్చిన మదర్ ఒకావిడ ఉండేది. ఏడాదికోసారి, తన పేరున్న పునీతురాలి పండగనాడు, మదర్ తన చేత్తో కేకు చేసేది. ఒకదాని మీద ఒకటి మూడంతస్తులు, మధ్యలో పండ్ల ముక్కలూ మీగడ నురగా, పైన గోడకి సున్నం పూసినట్టు మళ్ళీ తెల్లటి నురగ. చేస్తున్నంతసేపూ వంటింటి తలుపు గడియ పడేది. లోపలికి ఒక్క సవరమ్మకే ప్రవేశం. అదైనా ఎందుకు? గిన్నెలు తోమడానికి. మదర్ ఒక్కో గిన్నే ఖాళీ చేసి వెనక్కి తోసేది. సవరమ్మ అటూ ఇటూ చూసి, గిన్నె అంచున మిగిలింది వేలితో తీసి నాకి, ఆ తర్వాత బూడిద పట్టించి తోమేది. కేకుకీ ఆవిడకీ ఉన్న బంధుత్వం అంతే. ఉడికిన కేకు ముక్క ఏనాడూ ఆవిడ నోటి దాకా రాలేదు. సిస్టర్లూ, వాళ్ళ అతిథులూ తినేసేవాళ్ళు. ఊళ్ళో జనమైతే కిటికీలోంచి చూసి లొట్టలేసుకుని ఇళ్ళకి పోయేవాళ్ళు.

ఒక ఏడు పంపు దగ్గర ఎవరో అడిగారు, కేకు నువ్వే చేశావా సవరమ్మా అని. నడుం నొప్పిగా ఉంది, బిందె నిండటం లేదు, విసుగ్గా ఉంది. "మరెవరు చేస్తారు?" అంది. ఆ రెండు మాటలే కొంప ముంచాయి. మరుసటేటికి మదర్ పక్కన నిలబడి చూసేదే తప్ప చెయ్యి పెట్టేది కాదని తేలింది. ఆ పై ఏటికి మదర్‌కి గుడ్డు పగలగొట్టడం కూడా రాదని తేలింది. డెబ్భై ఆరులో మదర్ ఇటలీ వెళ్ళిపోయింది, వెళ్తూ కేకు కాల్చే పొయ్యి పెట్టె ఎవరికో ఇచ్చేసింది. కొత్తగా వచ్చిన కేరళ సిస్టర్లు కేకుల జోలికే పోలేదు. ఇక అడ్డెవరు? సవరమ్మ నోట్లో ఆ కేకు ఏటికేడాదీ ఒళ్ళు చేస్తూ పోయింది.

అలా ఎనభై నాలుగు మే నెల వచ్చింది. విచారణ అంటే గుడీ, దాని కిందున్న క్రైస్తవ జనమూ; ఆ విచారణ గురువు సువర్ణరాజు ఫాదర్ గారికి గురుపట్టం అంది పాతికేళ్ళు నిండుతున్నాయి. ఆదివారం పూజ అయ్యాక, గుడి పనులు చూసే ఉపదేశి చిన్నరాయప్ప అందరినీ గుడి ముందు కూర్చోబెట్టాడు. బూందీ లడ్లు చాలన్నారు కొందరు. రజతోత్సవమంటే కేకు కొయ్యాల్సిందే, లేకపోతే మైలవరం విచారణ వాళ్ళు మనల్ని ఎగతాళి చేస్తారన్నాడు చిన్నరాయప్ప. బెజవాడ బేకరీలో చెప్పి తెప్పిస్తే? మే నెల ఎండలో, మామిడి గంపల మధ్య, ఆ బస్సులో వస్తే నూజివీడులో దిగేది కేకు కాదు, జావ. అప్పుడు వెనక నుంచి ఎవరో అన్నారు, మన సవరమ్మ ఉండగా మనకి బెజవాడ ఎందుకని. ఇంకేముంది, తలలన్నీ ఇటు తిరిగాయి, చప్పట్లు కొట్టేశారు.

నా వల్ల కాదని చెబుదామనే సవరమ్మ నోరు తెరిచింది. తీరా తెరిచాక అందులోంచి వచ్చింది ఇది:

"మూడంతస్తులు సరిపోతాయా?"

ఆ మధ్యాహ్నం ఆవిడకి అన్నం సహించలేదు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. పెద్ద చదువా లేదు, పొలమా లేదు. ఊళ్ళో నలుగురు ఆవిడని పిలిచి పీట వేస్తున్నారంటే ఆ కేకు పేరు మీదే. పెళ్ళి భోజనాల్లో పాయసం రుచి చూడమని ముందు ఆవిడకే గరిటె ఇస్తారు. ఇప్పుడు ఆ కేకే ఆవిడ పీక మీదికి వచ్చింది. చేస్తే రాదని తెలుస్తుంది, చెయ్యనంటే ఇన్నాళ్ళూ ఆడింది అబద్ధమని తెలుస్తుంది. ఎటు తిరిగినా ఆ పీట పోతుంది.

రెండు రోజులు ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టింది. శనివారం సాయంత్రం, చేసిన తప్పులు ఫాదర్ గారి చెవిన వేసుకునే పాపసంకీర్తనానికి వెళ్ళింది. జాలీకి అవతల ఫాదర్ గారు, ఇవతల సవరమ్మ. మోకాళ్ళ మీద కూర్చుని మొత్తం కక్కేసింది. గిన్నెలు తోమడం, నాకడం, పంపు దగ్గర మాట, ఏదీ దాచలేదు. ఆవిడ లెక్క ప్రకారం, ఇది విన్నాక ఫాదర్ గారే చిన్నరాయప్పని పిలిచి, కేకులూ గీకులూ నాకు పడవయ్యా, లడ్లు చేయించెయ్ అంటారు. పాపం పోతుంది, పీట మిగులుతుంది.

అవతల నుంచి ఏదో దగ్గులాంటిది వినిపించింది. నవ్వో దగ్గో ఆవిడకి తెలియలేదు.

"ఇక్కడ విన్నది నేను బయట వాడుకోకూడదు, సవరమ్మా. విననట్టే ఉండాలి."

"మరి కేకండీ?"

"ఏ కేకు?" అన్నారు ఫాదర్ గారు.

సవరమ్మకి ఏడుపొచ్చింది. ప్రాయశ్చిత్తంగా మూడు మంగళవార్త జపాలు చెప్పమన్నారు. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. అబద్ధం ఎవరికి చెప్పావో వాళ్ళకే నీ నోటితో నిజం చెప్పు, ఎప్పుడు చెబుతావో ఎలా చెబుతావో నీ ఇష్టం అన్నారు. మర్నాడు గుడి దగ్గర చిన్నరాయప్ప, కేకు మన సవరమ్మక్కదే ఫాదర్, అని గొప్పగా చెబుతుంటే ఆయన "సంతోషం" అని తన చెప్పుల వైపు చూసుకుంటూ వెళ్ళిపోయారు. అంతటి చదువుకున్న మనిషి అలా ఏమీ ఎరగనట్టు నటిస్తుంటే సవరమ్మకి ఒళ్ళు మండింది.

విచారణ మొత్తానికి ఒకేసారి చెప్పేంత గుండె ధైర్యం ఆవిడకి లేదు. అందుకని, ముందు నోరు అలవాటు పడాలని, విచారణతో ఏ సంబంధమూ లేని మనిషికి చెప్పింది. కాన్వెంటు పని మానేశాక సవరమ్మ వేసవిలో నారాయణరావు గారి మామిడి షెడ్డులో కాయలు ఏరి గడ్డిలో మాగేసే పనికి వెళ్తోంది. ఆయన భార్య రాజ్యలక్ష్మి గారికి చెప్పింది. కోమట్ల ఇల్లు, గుడ్డు పేరెత్తితేనే నీళ్ళు చల్లుకునే ఇల్లు. కేకు సంగతి విని ఆవిడ గడ్డి మోపు మీద కూలబడి, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. నవ్వడం అయ్యాక లేచి కొంగు దోపింది.

"ఏడవకు. మీగడ నాది, పండ్లు నావి. ఆ కోడిగుడ్ల భాగోతం మాత్రం మీ ఇంటి దగ్గర పెట్టుకో, నేను ముట్టను."

అలా సవరమ్మ పెరట్లో కార్ఖానా మొదలైంది. పొయ్యి పెట్టె లేదు కాబట్టి పెద్ద గుండిగలో ఇసుక పోసి, అందులో పిండి పోసిన సత్తు గిన్నె పెట్టి, పైన మూత వేసి మూత మీద నిప్పులు పోశారు. మొదటి కేకు బయటికి వచ్చాక కోళ్ళకి వేస్తే, అవి రెండు పొడుపులు పొడిచి చూసి వెళ్ళిపోయాయి. రెండోది పైన నలుపు, లోపల పచ్చి. మూడోది గిన్నెని వదల్లేదు. రాజ్యలక్ష్మి గారు గాలి వాటం చూసుకుని, గుడ్డు వాసన రాని మూల పీట వేసుకుని కూర్చుని, ప్రతి కేకుకీ ఒక పేరు పెట్టింది. ఆ పేర్లు ఇక్కడ రాయను.

నాలుగోసారి పిండి కలుపుతూ సవరమ్మ, అలవాటు కొద్దీ, గిన్నె అంచున వేలు పెట్టి నాకింది. నాకి, అలాగే నిలబడిపోయింది. ఇది కాదు. మదర్ గిన్నెలో పిండి ఇలా ఉండేది కాదు. అది నాలుక మీద తేలిగ్గా ఉండేది, చివర్లో నిమ్మతొక్క చేదు కొంచెం తగిలేది, తీపి ఇంత ఉండేది కాదు. ఉడికిన కేకు రుచి ఆవిడకి తెలియకపోతేనేం, పచ్చి పిండి రుచి ఇరవై రెండేళ్ళ పాటు నాలుకకి ఎక్కించుకుంది కదా. పంచదార తగ్గించింది, గుడ్లు పెంచింది, నిమ్మకాయ తొక్క గీరి వేసింది, నురగ లేచేదాకా గిలకొట్టి మళ్ళీ నాకింది. ఇంకొంచెం కొట్టింది. ఇంకోసారి నాకింది. అప్పుడు గుండిగలో పెట్టింది. గంటకి మూత తీస్తే కేకు గిన్నె అంచు దాటి పైకి లేచి ఉంది. వేలితో నొక్కితే మళ్ళీ పైకొచ్చింది. సవరమ్మ దానికి దండం పెట్టింది.

ఇక మీగడ. పచ్చి పాలు రాత్రంతా ఐసులో పెట్టి, పైన తేరిన చిక్కటి మీగడ సత్తు చెంబు నిండా తెచ్చింది రాజ్యలక్ష్మి గారు. మూడు గేదెల మీగడ. పంచదార కలిపి, నురగ లేవగానే ఆపాలమ్మగారూ అని చెప్పి, సవరమ్మ నిప్పులు సర్దడానికి అటు తిరిగింది. ఆ ఒక్క తిరగడమే తప్పు. రాజ్యలక్ష్మి గారు కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ, ముప్ఫై ఏళ్ళుగా, రోజూ పొద్దున్నే మజ్జిగ చిలుకుతోంది. ఆ చెయ్యి కవ్వం పట్టుకుందంటే వెన్న కనబడేదాకా ఆగదు, ఆపమన్నా ఆగదు. నురగ లేచింది. చూసింది కూడా. ఇంకో నాలుగు తిప్పులు తిప్పితే ఏం పోతుందిలే అనుకుంది.

సవరమ్మ వెనక్కి తిరిగేసరికి రాజ్యలక్ష్మి గారు చెంబులోంచి కొబ్బరికాయంత వెన్నముద్ద తీసి, వెలిగిపోతున్న ముఖంతో చూపిస్తోంది. ఎంత బాగా వచ్చిందో చూడవే అంది. అన్నాక ఆవిడకే అర్థమై, నాలుక కరుచుకుంది. ఇద్దరూ ఆ ముద్దని చూస్తూ కూర్చున్నారు. పంచదార కలిసింది కాబట్టి కాచి నెయ్యి చేసుకోవడానికి కూడా పనికిరాదు.

మర్నాడే రజతోత్సవం. మిగిలింది ఆ పూట పాల మీగడ ఒక్కటే. అది పాడైతే నెత్తిన గుడ్డ వేసుకోవాల్సిందే.

రజతోత్సవం నాడు పొద్దున్నుంచీ ఎండ నిప్పులు కక్కుతోంది. ఐసు ఫ్యాక్టరీ నుంచి రంపపు పొట్టులో చుట్టిన దిమ్మ తెప్పించి, కాల్చిన మూడంతస్తులూ పట్టుకెళ్ళి గుడి పక్కన బడి గదిలో తలుపులేసుకుని కూర్చున్నారిద్దరూ. ఇంతలో నారాయణరావు గారి దగ్గర్నుంచి చిన్నరసాల గంప వచ్చింది, దాంతోపాటు ఒక కబురు కూడా. నూజివీడు గుడిలో పెట్టే కేకులో బంగినపల్లి కనబడితే ఇకమీదట నా మొహం చూడొద్దన్నారాయన. రసం పండు ముక్క కొయ్యడానికి రాదు, పిసికి తాగాల్సిందే అని మామిడి వ్యాపారం చేసే ఆయనకి చెప్పేదెవరు? సవరమ్మ రసాలు పిండి ఆ రసంతో కేకు అంతస్తులని తడిపింది. మధ్యలో మాత్రం బంగినపల్లి ముక్కలు పేర్చి పైన మీగడ కప్పేసింది. మీ ఆయనకి చెప్పకండి అంది. ఆయన గుడ్డు తినరుగా, కోసి చూడరులే అంది రాజ్యలక్ష్మి గారు.

మీగడ ఈసారి సవరమ్మే కొట్టింది. చెంబు ఐసులో దించి, నాలుగు తిప్పులకోసారి ఆగి నాకి చూసింది. పక్కన రాజ్యలక్ష్మి గారు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, తన చేతుల్ని తనే గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఇంకొంచెం తిప్పవే, ఇంకొంచెం, అని ఆవిడ నోరు అంటూనే ఉంది. సవరమ్మ నాలుక మాత్రం చాలంది. కవ్వం పైకెత్తింది. దాని చివర తెల్లటి నురగ నిలబడింది, జారలేదు. ఆ పూట ఆ గదిలో ఇద్దరు ఆడవాళ్ళు ఊపిరి పీల్చుకున్న చప్పుడు బయట షామియానా కడుతున్న వాళ్ళకి వినబడి ఉంటుంది.

రసానికి తడిసిన పై అంతస్తు ఒక పక్కకి జారడం మొదలెడితే కొత్త చీపురు పుల్లలు కడిగి మూడు దించింది. పైన నురగ పూసేసరికి ఏమీ కనబడలేదు.

సాయంత్రం ఐదింటికి కేకు షామియానా కిందికి రాగానే జనం లేచి నిలబడ్డారు. ఫాదర్ గారు కోశారు. ఒక ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. చిన్నరాయప్ప తిన్నాడు, సిస్టర్లు తిన్నారు, ముందు వరసలన్నీ వేలెడు ముక్క చొప్పున తిని వేళ్ళు నాక్కున్నాయి. సవరమ్మ ఒక మూల నిలబడి ఆ వేళ్ళనే చూసింది. బాగుంది. తను చేసిన కేకు బాగుంది. ఆ సంతోషం ఎంతసేపయ్యా అంటే, చిన్నరాయప్ప మైకు అందుకునేదాకా.

అచ్చం మదర్ గారి కేకే అన్నాడు చిన్నరాయప్ప. అదే రుచి, అదే నురగ, ఇరవై రెండేళ్ళు చేసిన చెయ్యి ఎక్కడికి పోతుందన్నాడు. మదర్ కేకు వాడు జన్మలో తిన్నదెప్పుడు? చిన్నప్పుడు కిటికీలోంచి చూడటానికి కూడా వాడి పొడుగు చాలేది కాదు. అయినా అందరూ తలలూపారు, అవునవును, అచ్చం అదే అన్నారు. సవరమ్మని వేదిక మీదికి పిలిచి దండ వేశారు.

దండ బరువుగా ఉంది. ఫాదర్ గారి మాట గుర్తొచ్చింది. ఇప్పుడు చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేనని ఆవిడకి తెలిసిపోయింది. మైకు దగ్గరికి వెళ్ళింది.

"నేను మదర్ దగ్గర ఒక్క కేకు కూడా చెయ్యలేదండీ. గిన్నెలు తోమాను. అంతే. ఇన్నాళ్ళూ మీకు అబద్ధం చెప్పాను."

చిన్నరాయప్ప పై కండువాతో కళ్ళద్దుకుని, చూశారా వినయం అంటే ఇదీ, అన్నాడు. షామియానా ఎగిరిపోయేటట్టు చప్పట్లు కొట్టారు. కాదురా నాయనా, నిజంగానే, అంటుంది సవరమ్మ. ఇంకా గట్టిగా కొడతారు. ఇలా లాభం లేదని ఆవిడ ఫాదర్ గారి వైపు తిరిగింది.

"మీరైనా చెప్పండి ఫాదర్. మీకు తెలుసుగా."

ఫాదర్ గారి చేతిలో చెంచా ఆగింది. ఈ భూమ్మీద ఆవిడకున్న సాక్షి ఆయనొక్కడే, ఆ ఒక్కడి నోటికీ తాళం. ఆయన షామియానా పువ్వుల వైపు చూశారు, పళ్ళెం వైపు చూశారు, చెంచా నోట్లో పెట్టుకుని నెమ్మదిగా, చాలా నెమ్మదిగా నమిలారు. జనం నవ్వారు. ముందు వరసలో ఒక పెద్దమనిషి, ఎంతైనా ఆ మదర్ చేతి మహిమ, ఇటలీ వాళ్ళ కేకు ఇటలీ వాళ్ళదే అన్నాడు.

అదిగో, అక్కడ మండింది సవరమ్మకి. వారం రోజులు నిప్పుల ముందు కూర్చుంది. అరచెయ్యి కాలి బొబ్బ లేచింది. చెయ్యని కేకులకి ఇరవై ఏళ్ళు పొగిడారు, సరే, ఊరుకుంది. తీరా తన చేత్తో చేసిన ఒక్క కేకు పేరూ ఇటలీకి రాసిచ్చేస్తారా? ఆవిడ మళ్ళీ మైకు వైపు తిరిగింది.

"ఇందులో ఇటలీ ఏముందయ్యా? పండు నూజివీడుది. మీగడ రాజ్యలక్ష్మమ్మగారి గేదెలది. ఇసుక మా పెరట్లోది. చేసింది నేను. మొదటిసారి చేశాను, నేనే చేశాను."

నవ్వులు ఆగాయి. చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు. షామియానా గుంజ దగ్గర నిలబడ్డ రాజ్యలక్ష్మి గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు ఫాదర్ గారు పళ్ళెం కింద పెట్టి లేచి, మైకు తన వైపు తిప్పుకున్నారు.

"నేనీ విచారణకి వచ్చేసరికి మదర్ గారు వెళ్ళిపోయారు. ఆవిడ కేకు నేను తినలేదు. ఆవిడ కేకు తిన్నవాళ్ళు ఇక్కడెవరైనా ఉంటే చెయ్యెత్తండి."

ఒక్క చెయ్యి లేవలేదు. చిన్నరాయప్ప తన పళ్ళెంలోకి చూసుకున్నాడు.

"అయితే మనందరికీ తెలిసిన కేకు ఒక్కటే. అది సవరమ్మ కేకు" అని ఫాదర్ గారు మళ్ళీ కూర్చుని చెంచా అందుకున్నారు.

సవరమ్మకి కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారాయి. ఎంతమంది చూస్తున్నా తుడుచుకోవాలనిపించలేదు. చిన్నరాయప్ప దగ్గరికి వచ్చి, కుర్చీ లాగి, కూర్చో అక్కా అన్నాడు. ఆవిడ కూర్చోలేదు. వెనక వరసల్లో ఆడవాళ్ళకి ఇంకా ముక్క అందలేదు, అటు చూస్తే వాళ్ళు మెడలు సాచి చూస్తున్నారు. ఆవిడ మెళ్ళో దండ తీసి కుర్చీలో పెట్టి, కత్తి ఇలా తెమ్మని చెయ్యి చాపింది.